మహిమగల జారుడుబల్ల

శాన్ అతనాసియో మేయరు డోన్ ఎలీహియోకి పిల్లలంటే ప్రాణం. ఎన్నికలు దగ్గరపడే కొద్దీ ఆ ప్రాణం మరీ కొట్టుకుంటుంది. వికలాంగులైన పిల్లలు కూడా ఆడుకోగలిగే ఆటస్థలం కట్టే ప్రతి ఊరికీ ప్రభుత్వం నిధులిస్తుందని రాజధాని నుంచి కబురొచ్చిన రోజు ఆయన మధ్యాహ్నం నిద్ర కూడా పోలేదు. పరగ్వాయ్‌లో ఒక మేయరు మధ్యాహ్నం నిద్ర మానుకున్నాడంటే విషయం ఎంత గొప్పదో ఊరికి వేరే చెప్పనక్కర్లేదు.

పొద్దు గూకేలోగా పని తన భార్య తమ్ముడు డెర్లిస్‌కి అప్పగించేశాడు. డెర్లిస్‌కి ఊరి చివర ఒక షెడ్డు ఉంది. అందులో పశువుల దొడ్లకు గేట్లు, కంచెలు చేస్తాడు. చుట్టుపక్కల ఆసాములందరూ అతని గేట్లే వాడతారు. పిల్లల ఆటవస్తువు మాత్రం జన్మలో ఒక్కటీ చేయలేదు. అదొక లోపమని మేయరుకు తోచలేదు. "దూడని కదలకుండా ఆపగలిగినవాడు పిల్లల్ని కదిలేలా ఆడించలేడా?" అన్నాడు కౌన్సిల్ సమావేశంలో. కౌన్సిల్లో సగం మంది ఆయన చుట్టాలు. మిగతా సగం ఆయన చుట్టాలు కావాలని చూస్తున్నవాళ్ళు. అందరూ ఔనన్నారు.

ఆగస్టు వచ్చేసరికి ఆటస్థలం లేచి నిలబడింది. పిల్లల పండుగ ఆ నెల నడిమధ్యలో వస్తుంది. ప్రారంభోత్సవం ఆ రోజేనని మైకులో చాటారు. ఇక మిగిలింది తనిఖీ.

శాన్ అతనాసియో మున్సిపాలిటీలో తనిఖీలన్నీ సునిల్దావే. మాంసం కొట్లు, డాన్సు హాళ్ళు, సంతలో పెట్టే రంగులరాట్నాలు, అన్నీ ఆమే చూడాలి. ఆటస్థలాల భద్రత మీద రాజధానిలో శిక్షణ పెట్టినప్పుడు, పోవడానికి ఎవరికీ ఓపిక లేక ఆమెను బస్సెక్కించారు. వెళ్ళినావిడ తిన్నగా కూర్చుని నేర్చుకొచ్చింది. అక్కడే వచ్చింది చిక్కంతా. పంపినవాళ్ళు ఆమె నేర్చుకుంటుందని అనుకోలేదు.

ఆ శిక్షణలో ఆమెకు రెండు కొయ్యదిమ్మెలు ఇచ్చారు. ఒకటి పసిపిల్లల మొండెమంత, ఇంకొకటి తలంత. ఏ సందులోనైనా మొదటిది దూరి రెండోది దూరకపోతే, అక్కడ ఏదో ఒకరోజు ఒక పసివాడు కాళ్ళతో దిగి మెడతో వేలాడతాడు. జారుడుబల్ల మెట్ల పక్కన డెర్లిస్ బిగించిన కటకటాల్లోకి మొదటి దిమ్మె వెన్నలా జారిపోయింది. రెండోది టక్కున ఆగింది.

"ఈ సందు ఏ కొలత చూసి పెట్టావు డెర్లిస్?" అంది సునిల్దా.

"దూడ కొలతక్కా. దూడ తల పట్టదు. ఇన్నేళ్ళలో ఒక్క దూడ కూడా వచ్చి ఇదేం పని అని అడగలేదు."

జారుడుబల్ల పడమటికి తిరిగి ఉంది. ఒట్టి ఇనుప రేకు. సునిల్దా చెయ్యి ఆనించి వెంటనే తీసేసుకుంది. "మధ్యాహ్నం పైనుంచి కోడిగుడ్డు కొట్టి వదిలితే కిందికి అట్టయి దిగుతుంది," అంది.

"మంచిదేగా, పిల్లలు పైన కూర్చుని నాన్చకుండా గబగబా దిగిపోతారు," అన్నాడు డెర్లిస్. అతను వేళాకోళం ఆడటం లేదు. నిజంగానే అలా అనుకుని చేశాడు.

చక్రాల కుర్చీతో సహా ఎక్కి ఊగడానికి ఒక ఉయ్యాల కూడా పెట్టాడు. అదే ఈ ఆటస్థలానికి తలమానికం. పశువుల్ని తూచే కాటా పళ్ళేన్ని నాలుగు గొలుసులకు వేలాడదీశాడు. కిలోలు చూపించే ముల్లు పీకేసిన చోట చిల్లు పడితే, చిల్లు చుట్టూ పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ గీయించాడు. పువ్వు ముచ్చటగానే ఉంది. పళ్ళేనికి మాత్రం ముందూ వెనకా అడ్డు లేదు. కుర్చీ ఎక్కించి ఒక్క ఊపు ఊపితే మనిషీ కుర్చీ కలిసి వెళ్ళి కంచెలో పడతారు.

ఇవన్నీ ఒక ఎత్తు, గుమ్మం ఒక ఎత్తు. శాన్ అతనాసియోలో ఆవులు వీధుల్లో స్వేచ్ఛగా తిరుగుతాయి. అందుకని డెర్లిస్ గుమ్మంలో అడ్డంగా గుంట తవ్వి, దానిమీద లావుపాటి ఇనుప గొట్టాలు ఎడంఎడంగా పరిచాడు. ఆవు గిట్ట ఆ సందుల్లో దిగబడుతుంది కాబట్టి ఆవు అడుగు పెట్టదు. పశువుల పొలాలన్నిటికీ అలాంటి గుమ్మాలే ఉంటాయి.

మేయరు లపాచో చెట్టు కింద కుర్చీ వేయించుకుని, మంచుముక్కలు వేసిన తెరెరే అనే ఆకు పానీయం గొట్టంతో పీలుస్తూ తనిఖీ చూస్తున్నాడు. సునిల్దా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"చక్రాల కుర్చీ లోపలికెలా వస్తుందండీ?"

"ర్యాంపు ఉందిగా తల్లీ."

"ర్యాంపు లోపలుంది. గుమ్మంలో గొట్టాలున్నాయి."

"అవి ఆవుల కోసం."

"ఆవులు రావండీ. చక్రాలూ రావు."

మేయరు తెరెరే ఇంకో గుక్క పీల్చాడు. "చూశావా, ఇద్దర్నీ సమానంగానే చూశాం. ఎవరి మీదా పక్షపాతం లేదు," అన్నాడు.

సునిల్దా సంతకం పెట్టనంది. గొట్టాలు తీయాలి, కటకటాల సందు తగ్గించాలి, జారుడుబల్ల తిప్పాలి, ఉయ్యాలకు అడ్డు వెయ్యాలి, అప్పుడే తెరవాలి అంది. మేయరు కోప్పడలేదు. ఆయన ఎవరి మీదా కోప్పడడు, అందుకే ఆయనతో పోట్లాడటం కష్టం. "అలాగే పెట్టకు తల్లీ. తొందరేముంది. రిబ్బను కత్తిరించడానికి కావలసింది కత్తెర, నీ సంతకం కాదు," అన్నాడు. తరవాత తెరెరే పాత్ర ఆమె చేతికిస్తూ, "అది సరేగానీ, ఫోటోకి చక్రాల కుర్చీలో ఒకరు కావాలి. నీకు తెలిసినవాళ్ళెవరన్నా ఉన్నారా?" అని అడిగాడు.

"మా పక్కింట్లో న్యా సిరీలా ఉంది."

"అబ్బే, ముసలావిడ ఎందుకమ్మా. ఆటస్థలం కదా, పిల్లయితే ఫోటో పండుతుంది. పైగా ఆవిడకి నోరుంది."

నోరున్న మాట నిజమే. ఊళ్ళో పెద్దావిడలందర్నీ పిలిచినట్టే ఆమెనూ న్యా సిరీలా అని పిలుస్తారు గానీ, ఆమెను పిలిచేటప్పుడు మాత్రం గొంతు కొంచెం తగ్గుతుంది. షుగరు జబ్బుకు ఒక కాలు పోయింది. మోటారుసైకిలు టైర్లు బిగించుకున్న చక్రాల కుర్చీలో బజారు మూల కూర్చుని, జున్ను వేసి కాల్చిన వేడి వేడి చిపా రొట్టెలు అమ్ముతుంది. కూతురు పని మీద వేరే దేశంలో ఉంది. అయిదేళ్ళ మనవరాలు లెటీని సిరీలాయే పెంచుతోంది. లెటీకి ఎత్తుగా ఏది కనిపించినా ఎక్కాలి. ఎక్కాక దిగడం ఎలాగో తరవాత ఆలోచిస్తుంది. అలాంటి పిల్లని ఆటస్థలంలోకి వదిలి కంచె బయట నుంచి చూస్తూ కూర్చోవడం సిరీలా వల్ల కాదు.

ఆ సాయంత్రం సునిల్దా గోడ మీదుగా జరిగిందంతా చెప్పింది.

"అంటే అవిటివాళ్ళ కోసం కట్టిన చోటికి నేను పోలేను," అంది సిరీలా.

"పోలేవు పెద్దమ్మా."

"అవిటివాళ్ళ కోసం కట్టనప్పుడూ పోలేకపోయాను. ఖర్చు పెట్టి మరీ పోలేకుండా చేశారన్నమాట. అభివృద్ధి అంటే ఇదే కాబోలు." చిపా పిండి పిసుకుతూ, "ఫోటోకి ఎవర్ని పట్టారంట?" అంది.

ఎవర్ని పట్టారో మర్నాడే తెలిసింది. వేరే ఊరి నుంచి మేయరు మరదలు తన కూతుర్ని వెంటబెట్టుకుని దిగింది. పిల్ల పేరు ఫియొరెల్లా, ఏడేళ్ళుంటాయి. సునిల్దా ఆఫీసుకు వెళ్ళేసరికి ఆ పిల్ల మున్సిపాలిటీ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగులు తీస్తూ, గోడకు గుద్దుకుని నవ్వుకుంటోంది. గుమాస్తా ఒకడు ఆరోగ్య కేంద్రం నుంచి చక్రాల కుర్చీ తెచ్చి తుడుస్తున్నాడు. మేయరు ఫియొరెల్లాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నువ్వేం చెయ్యక్కర్లేదు బంగారం. కుర్చీలో కూర్చుని నవ్వు. లేవకు. నేను మాట్లాడటం అయ్యాక ఐస్‌క్రీం," అని పాఠం చెప్పాడు. మేయరు ప్రసంగం ఎంతసేపుంటుందో పాపం ఆ పిల్లకి తెలియదు. తెలిసుంటే ఒప్పుకునేది కాదు.

పండుగ రోజు ఉత్తరపు గాలి పట్టుకుంది. ఆ గాలి వీస్తే ఆగస్టు చలికాలంలో కూడా ఊరు పొయ్యిలా కాగుతుంది, మనుషులకు చిరాకు పుడుతుంది. బళ్ళో పిల్లలు, బాండు మేళం, జపమాల సంఘం ముసలమ్మలు, పాదిరి అన్సెల్మో, అందరూ ఎర్ర దుమ్ములో నిలబడ్డారు. ఫియొరెల్లాని జనం రాకముందే కుర్చీతో సహా నలుగురు ఎత్తి గొట్టాలు దాటించేశారు. తెల్ల గౌను, తలలో రిబ్బను, ఒళ్ళో పూలు. ఊళ్ళో ఎవరూ ఎరగని పిల్ల కావడంతో చూసినవాళ్ళందరూ అయ్యో పాపం అనుకున్నారు.

సిరీలా గుమ్మం దాకా వచ్చి గొట్టాల ముందు కుర్చీ ఆపింది. లెటీ గొట్టాల మీద గెంతుకుంటూ లోపలికి పోయి, ఎవరూ చూడకుండా జారుడుబల్ల ఎక్కి కూర్చుంది. సునిల్దా సిరీలా పక్కనే బయట నిలబడింది. తాను సంతకం పెట్టని చోటికి పోకూడదని ఆమె అనుకుంది. ఆమె పోలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

మేయరు మొదలుపెట్టాడు. తన చిన్నతనం దగ్గర నుంచి ఎత్తుకున్నాడు. తన తల్లి త్యాగాల దాకా వచ్చేసరికి బాండువాళ్ళలో ఇద్దరు కూర్చుండిపోయారు. ఫియొరెల్లా ఒళ్ళో పూలన్నీ తుంపి అయిపోగొట్టింది. కుర్చీ బ్రేకు వేసింది, తీసింది. అంతలో జారుడుబల్ల పైనుంచి లెటీ, "ఏయ్, వస్తావా?" అని పిలిచింది.

పిలిస్తే ఏ పిల్లయినా ఏం చేస్తుంది. ఫియొరెల్లా లేచింది. గౌను పైకెత్తి పట్టుకుని జనం మధ్య నుంచి పరిగెత్తి, మెట్లు ఎక్కి, కాలిన పిర్రలతో "అబ్బా" అంటూ జర్రున కిందికి దిగింది. దిగి మళ్ళీ మెట్ల వైపు పరిగెత్తింది.

మేయరు నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఖాళీ కుర్చీ గాలికి కొంచెం వెనక్కి దొర్లింది. అప్పుడు జపమాల సంఘం పెద్ద, న్యా దెఒలిందా అనే ఆమె, చేతులు పైకెత్తి, "మరియమ్మ తల్లీ, నడిపించావమ్మా!" అని కుప్పకూలింది. ఆమె వెనక ఉన్న ముసలమ్మలందరూ వరసగా మోకాళ్ళ మీద పడ్డారు.

సునిల్దా మేయరు ముఖం చూస్తూనే ఉంది. ఆ ముఖంలో లెక్క జరగడం ఆమెకు స్పష్టంగా కనిపించింది. నిజం చెబితే అబద్ధాలకోరు. ఊరుకుంటే పుణ్యాత్ముడు. డోన్ ఎలీహియో మెల్లగా టోపీ తీశాడు. తరవాత ఒక మోకాలు, ఇంకొంచెం ఆగి, ప్యాంటు దులుపుకోవచ్చులే అనుకున్నాడేమో, రెండో మోకాలు కూడా ఆనించాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది సిరీలా.

"ఇప్పుడు చెప్తే మనల్ని కొడతారు పెద్దమ్మా."

"నన్నెందుకు కొడతారు, పోయి నువ్వూ లేచి నడువు అంటారు. అది ఇంకా కష్టం."

ఫియొరెల్లాని ఆ సాయంత్రమే కారెక్కించి పంపేశారు. ఐస్‌క్రీం ఇచ్చారో లేదో ఎవరికీ తెలియదు.

వారం తిరిగేసరికి జారుడుబల్ల కింద కొవ్వొత్తులు వెలిగాయి. నెల తిరిగేసరికి పక్క ఊళ్ళ నుంచి బస్సులు రావడం మొదలైంది. పాదిరి అన్సెల్మో దాన్ని మహిమ అనలేదు, కాదనీ అనలేదు. విచారణ జరగాలన్నాడు. విచారణకు చాలా ఏళ్ళు పడుతుందని కూడా అన్నాడు. ఈలోగా చందా పెట్టె మాత్రం పెట్టించాడు. డెర్లిస్ ఇనుప రేకుతో బుల్లి జారుడుబల్లలు చేసి, మెళ్ళో వేసుకోవడానికి దారం కట్టి అమ్మాడు. అతని జీవితంలో గేటు కాని వస్తువు అంత బాగా అమ్ముడుపోవడం అదే మొదలు.

మహిమ విని వచ్చేవాళ్ళలో సహజంగానే చక్రాల కుర్చీలవాళ్ళు ఎక్కువ. వాళ్ళు వచ్చి గొట్టాల ముందు ఆగేవారు. కొన్నాళ్ళు మోసి దాటించారు. ఒక ఆదివారం ఏదో దూరపు పల్లె నుంచి ట్రక్కులో వచ్చిన మగవాళ్ళు గుమ్మం చూసి, మేయరును గానీ మున్సిపాలిటీని గానీ అడగకుండా, గడ్డపారలతో గొట్టాలు పెకలించి, గుంట పూడ్చి, పైన సిమెంటు పోసి చదును చేసేశారు. సునిల్దా ఆగస్టు నుంచి వారం వారం అడుగుతున్న పని మధ్యాహ్న భోజనం లోపల అయిపోయింది. మేయరు అడ్డుపడలేదు. భక్తులను ఆపి ఓట్లు అడిగేవాడెవడుంటాడు.

సిరీలా మర్నాడే లోపలికి వెళ్ళింది. సిమెంటు మీద కుర్చీని రెండుసార్లు ముందుకూ వెనక్కూ నడిపి చూసుకుంది. లెటీ జారుడుబల్ల వైపు పరిగెత్తింది. అక్కడ ఎర్ర రిబ్బను కట్టి ఉంది. సంఘం పెట్టిన కాపలాదారు, పెద్ద మీసాల పెద్దమనిషి ఒకడు, కర్ర అడ్డం పెట్టాడు.

"ఇక్కడ ఆడకూడదు పాపా. పవిత్రం."

"ఇది ఆటస్థలం కదయ్యా," అంది సిరీలా.

"ఒకప్పుడండీ."

ఉయ్యాల పళ్ళెం నిండా పూలు, కొవ్వొత్తులు, మొక్కుకుని వదిలేసిన చేతికర్రలు. జారుడుబల్ల చుట్టూ మోకరిల్లిన జనం. ఇలా శాన్ అతనాసియోలో ప్రతి ఒక్కరూ రాగలిగిన, ఒక్కరూ ఆడలేని ఆటస్థలం తయారైంది.

సునిల్దాకు రాత్రుళ్ళు నిద్ర సరిగా పట్టేది కాదు. నిజం చెబితే జనం రారు, జనం రాకపోతే మేయరు మళ్ళీ గొట్టాలు వేయిస్తాడు. చెప్పకపోతే, కాళ్ళు వస్తాయని ఎక్కడెక్కడి నుంచో వస్తున్న తల్లుల ముఖం చూడాలి. ఆమె చూడకుండా తప్పించుకు తిరిగింది, ఒక శుక్రవారం దాకా.

ఆ రోజు కటకటాలు కొలవడానికి వెళితే, ఒక తల్లి ఆమె చొక్కా మీద మున్సిపాలిటీ గుర్తు చూసి దగ్గరికి వచ్చింది. పొలం పని చేసే చేతులు. వెంట చక్రాల కుర్చీలో పన్నెండేళ్ళ కూతురు నిమియా. మెడ ఒక పక్కకు వాలి ఉంటుంది, కళ్ళు మాత్రం అన్నిటినీ చూస్తుంటాయి.

"అమ్మా, ఆ రోజు మీరిక్కడే ఉన్నారంట కదా. మీ కళ్ళతో చూశారా?"

సునిల్దా చుట్టూ చూసి, "చూశానమ్మా. ఆ పిల్ల లేచి పరిగెత్తింది. కానీ అంతకు ముందు రోజు కూడా పరిగెత్తింది. అంతకు ముందూ పరిగెత్తే ఉంటుంది. నన్ను క్షమించు, ఇంత దూరం వచ్చావు," అంది.

ఆ తల్లి ఏడవలేదు. కూతురి నుదుటి మీద వెంట్రుకలు సర్దింది.

"మాకు తెలుసమ్మా. పోయిన నెల మా ఊరివాళ్ళు వచ్చి చూసి చెప్పారు, అదంతా ఉత్తదే అన్నారు."

"మరెందుకొచ్చారు?"

"కుర్చీతో ఎక్కే ఉయ్యాల ఉందని కూడా చెప్పారు. ఇది పుట్టి ఇంతదైంది, ఎప్పుడూ ఊగలేదు. ఊపుదామని తెచ్చాను. ఇక్కడ చూస్తే ఉయ్యాల నిండా పూలున్నాయి."

సునిల్దా తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్ళి పూలు తీయడం మొదలుపెట్టింది. కొవ్వొత్తులు ఆర్పి పక్కన పెట్టింది. చేతికర్రలు కంచెకు ఆనించింది. మీసాల కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది, పాపం తగులుతుంది."

"నేను తనిఖీ అధికారిని. ఆటవస్తువు మీద మంట పెట్టడం నిషేధం. పాపం సంగతి పైవాళ్ళు చూసుకుంటారు, మంట సంగతి నాది. వెళ్ళి డెర్లిస్‌ని వెల్డింగు మిషనుతో సహా పిలుచుకురా."

డెర్లిస్ సణుగుతూ వచ్చాడు. పళ్ళేనికి ముందూ వెనకా లేపి దించే రేకులు, చక్రాలకు కొక్కేలు కావాలని సునిల్దా చెబితే, బావని అడగాలన్నాడు.

"అడుగు. ఇన్నాళ్ళూ మరియమ్మ పేరు చెప్పి అమ్ముకున్నావు కదా, ఈ పిల్ల పడితే ఆవిడకి ఏం చెప్పాలో అది కూడా మీ బావనే అడుగు," అంది.

డెర్లిస్ మెడలో వేలాడుతున్న బుల్లి జారుడుబల్లను ఒకసారి తడుముకుని, మిషను ఆన్ చేశాడు. వెల్డింగు అయ్యేదాకా తల్లీ కూతుళ్ళకు సిరీలా చిపాలు పెట్టింది. నిమియాకు చిన్న చిన్న ముక్కలు తుంచి నోట్లో పెట్టింది. సునిల్దా ముందు తానే పళ్ళెం ఎక్కి గెంతింది. తరవాత ఆరోగ్య కేంద్రం నుంచి తెప్పించిన ఖాళీ కుర్చీలో ఇసుక బస్తా పెట్టి ఊపింది. కొక్కేలు ఆగాయి. అప్పుడు నిమియాను ఎక్కించారు.

మొదటి ఊపుకు ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది. రెండోదానికి ఒక పెద్ద కూత వేసింది. అది ఏడుపో నవ్వో తెలియక అందరూ ఆగిపోతే, తల్లి, "నవ్వమ్మా అది, ఆపకండి," అంది. ఆపలేదు. ఆ నవ్వు ఎంత గట్టిగా ఉందంటే జారుడుబల్ల కింద జపం చేస్తున్న ముసలమ్మలు లెక్క తప్పారు.

న్యా దెఒలిందా లేచి వచ్చింది. "ఇది ప్రార్థన స్థలం. ఇక్కడ ఆటలేమిటి?" అంది.

సిరీలా కుర్చీని ఆమెకు అడ్డంగా తిప్పింది. "న్యా దెఒలిందా, నువ్వు కళ్ళారా చూశావు కదా. ఆ పిల్లని మరియమ్మ లేపింది. లేచి ఆ పిల్ల ఏం చేసింది?"

"పరిగెత్తింది."

"పరిగెత్తి?"

దెఒలిందా కొంచెం తడబడింది. "జారుడుబల్ల ఎక్కింది."

"మోకాళ్ళ మీద కూర్చుందా, కొవ్వొత్తి పెట్టిందా? లేదు. జర్రున జారింది. అంటే తల్లికి ఏది ఇష్టం? రెండు నెలలుగా మీరందరూ కింద కూర్చుని ఉన్నారు. ఒక్కరికన్నా మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఎలా తగ్గుతుంది, మొక్కు సగమే తీరుస్తుంటే."

సునిల్దా నవ్వు ఆపుకోవడానికి గొలుసులు పరీక్షిస్తున్నట్టు అటు తిరిగింది. సిరీలా ముఖంలో మాత్రం నవ్వు ఛాయ కూడా లేదు. సంఘంవాళ్ళు ఒక పక్కకు పోయి గుసగుసలాడుకున్నారు. చివరికి దెఒలిందాయే నల్ల గౌను అంచులు కాళ్ళ మధ్య బిగించి, జపమాల మెళ్ళో వేసుకుని, రిబ్బను విప్పించి మెట్లెక్కింది. పైన కూర్చుని సిలువ గుర్తు వేసుకుంది. అప్పటికి మబ్బు పట్టి రేకు చల్లబడింది. కిందికి వచ్చేసరికి ఆమె చెప్పు ఒకటి ఎగిరి కాపలాదారు కాళ్ళ దగ్గర పడింది. ఇసుకలో కూర్చుని కాసేపు లేవలేదు. అందరూ కంగారుపడ్డారు.

"మోకాలు ఎలా ఉందమ్మా?" అన్నాడు కాపలాదారు.

"అది తరవాత చూద్దాం, నన్ను లేపు," అంది దెఒలిందా. "ఇంకోసారి ఎక్కాలి."

ఆ రోజు నుంచి మొక్కు తీర్చే పద్ధతి మారిపోయింది. ముసలమ్మలు, పిల్లలు, మొక్కుకున్న గొడ్ల ఆసాములు ఒకే వరసలో నిలబడి జారేవారు. పెద్దవాళ్ళు జారడం మొదలుపెట్టాక రేకు కాలుతోందని ఫిర్యాదులొచ్చాయి. పిల్లలు కాలినన్నాళ్ళూ రానివి, ఆసాములకు కాలిన రోజే వచ్చాయి. డెర్లిస్ రెండు రోజుల్లో జారుడుబల్లను ఆ దేశంలో ఎండ పడని దక్షిణానికి తిప్పి, పైన నీడకు కప్పు వేశాడు. ఒక ఆసామి మోచెయ్యి కటకటాల్లో ఇరుక్కుంటే ఆ సందులు కూడా తగ్గాయి. సునిల్దా దిమ్మెలు మళ్ళీ పెట్టి చూసుకుని, అప్పుడు సంతకం పెట్టింది.

అక్టోబరు చివర్లో రాజధాని నుంచి ముగ్గురు అధికారులు నిధుల లెక్క చూడటానికి వచ్చారు. వాళ్ళు దిగేసరికి ఉయ్యాల మీద చక్రాల కుర్చీలో ఒక కుర్రాడు ఊగుతున్నాడు. గుడ్డి తాతయ్య ఒకాయన మనవడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. న్యా దెఒలిందా పైనుంచి దిగుతోంది. సిరీలా జారుడుబల్ల పక్కన కుర్చీ ఆపుకుని, లెటీ కిందికి వచ్చినప్పుడల్లా వీపు దులుపుతోంది. ఇన్ని వయసులవాళ్ళు, ఇన్ని రకాలవాళ్ళు కలిసి ఆడే ఆటస్థలం ఈ దేశంలో తాము చూడలేదని అధికారులు మేయరు చెయ్యి ఊపేశారు. ముందుచూపు అంటే ఇదీ అన్నారు. మేయరు తల వంచుకుని, "ఏదో మా ఊరి పిల్లల కోసం," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజం నీళ్ళే. అప్పటికి ఇదంతా తానే అనుకుని చేశానని ఆయనకు గట్టి నమ్మకం కుదిరిపోయింది.

బహుమతిగా ఒక కంచు ఫలకం పంపారు. మేయరు పేరు పెద్ద అక్షరాల్లో చెక్కి ఉంది. దాన్ని గుమ్మం పక్క స్తంభానికి బిగించిన రోజు సునిల్దా వచ్చి, నాలుగు మూలలూ వేలితో రాసి చూసింది. తరవాత వంగి, అటుగా పోతున్న లెటీని ఆపి ఫలకం పక్కన నిలబెట్టింది.

"ఇది తీసెయ్యాలండీ," అంది.

మేయరు అదిరిపడ్డాడు. "తీసెయ్యడమేంటమ్మా? ఇది ప్రభుత్వం ఇచ్చింది."

"మూలలు పదునుగా ఉన్నాయి. సరిగ్గా పిల్లల కంటి ఎత్తులో ఉంది."

"నీ తనిఖీ అయిపోయిందిగా. సంతకం కూడా పెట్టావు."

"అప్పుడు ఇది లేదు."

మేయరు సిరీలా వైపు చూశాడు, పెద్దావిడ కదా, ఏమైనా సర్దిచెబుతుందేమోనని. సిరీలా చిపా కొరుకుతూ, "పిల్లల కోసమే కదా నాయనా అంతా," అంది.

డోన్ ఎలీహియో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆకురాయి పట్టుకురమ్మని బావమరిదికి కబురు పెట్టాడు. డెర్లిస్ వచ్చి స్తంభం పక్కన గొంతుక్కూర్చుని, ఫలకం ఒళ్ళో పెట్టుకుని, మూలలు అరగదీయడం మొదలుపెట్టాడు. సునిల్దా అక్కడి నుంచి కదలలేదు. మూల మూలకూ వేలితో రాసి చూస్తూ, "ఇంకొంచెం డెర్లిస్. ఇంకొంచెం," అంటూనే ఉంది.